రష్యన్ నేర్పే తరగతి మన జిల్లాల్లో ఎందుకు లేదు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత మీ పత్రిక ఇచ్చిన చదువుల అనుబంధాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. విదేశీ భాషల పుటలో ఫ్రెంచి, జర్మన్, జపనీస్ భాషలకు మంచి చోటు దక్కింది. రష్యన్‌కు దక్కింది ఒకే ఒక్క వాక్యం, రక్షణ రంగంలో అవకాశాలు ఉంటాయని. రష్యన్ కుటుంబానికే చెందిన పోలిష్, చెక్, ఉక్రేనియన్ వంటి తక్కిన స్లావిక్ భాషల ఊసే లేదు. హైదరాబాద్‌లో ఇన్నేళ్లుగా రష్యన్ మీదే బతుకుతున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నిడివి ఎక్కువైందనిపిస్తే కత్తిరించండి. వైద్యవిద్య గురించి రాసిన భాగాన్ని మాత్రం ఉంచాలని మనవి.

నేను రష్యన్ చదవడానికి చేరింది 1993లో, తార్నాక దగ్గరున్న కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో. అప్పట్లో దాన్ని అందరూ సీఫెల్ అనేవాళ్లు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. నేను చేరేనాటికి సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై రెండేళ్లు కూడా కాలేదు. ‘లేని దేశపు భాష నీకెందుకమ్మా’ అని బంధువులంతా ఒకటే నస. అడ్డు చెప్పనిది మా నాన్నగారొక్కరే. ఆయన బాలానగర్ ఐడీపీఎల్‌లో కెమిస్టు. సోవియట్ సాంకేతిక సహాయంతో 1960లలో వచ్చిన ప్రభుత్వ మందుల కర్మాగారం అది. డాక్టర్ అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికి వచ్చే సొంత సంస్థ పెట్టారు. ఆయన ఒక్కరే కాదు, ఈ నగరపు మందుల పరిశ్రమలో ఒక తరం మొత్తం ఆ ప్రాంగణంలో పని నేర్చుకున్నదే. అలా సోవియట్ తోడ్పాటుతో మందులు చేయడం నేర్చుకున్న ఊరు ఇవాళ రష్యాకు మందులు పంపుతోంది. నా సంపాదన ఆ ఎగుమతుల నుంచే వస్తోంది.

రక్షణ రంగం గురించి మీరు రాసింది తప్పు కాదు. మన నౌకాదళానికి 1967లో వచ్చిన తొలి జలాంతర్గామి సోవియట్ తయారీయే. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో సోవియట్ నమూనా పోరాట వాహనాలు తయారవుతాయి. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఉన్నవి రష్యన్ రియాక్టర్లు. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ మాస్కో దగ్గరి గగారిన్ కేంద్రంలో 2020, 2021ల్లో శిక్షణ పొందారు. ఇలాంటి చోట్ల దుబాసీల, అనువాదకుల అవసరం ఉంటుంది. కానీ ఇవి ప్రభుత్వ కొలువులు. ఖాళీలు అప్పుడప్పుడే పడతాయి, అవీ నాలుగైదుకు మించవు. ఇంటర్ పాసైన పిల్లకు ‘రక్షణ రంగం’ అని చెప్పి ఊరుకుంటే, ఆ ప్రకటన కోసం ఎదురుచూస్తూనే వయసు మీద పడుతుంది.

నేను చెప్పదలచినది మన కళ్లెదుట ఉన్న పని గురించి. 2024-25లో భారత్, రష్యాల మధ్య వ్యాపారం దాదాపు 6,870 కోట్ల డాలర్లు. అందులో మన ఎగుమతులు 500 కోట్ల డాలర్లకు లోపే. తక్కినదంతా మనం కొనే ముడిచమురు, ఎరువులు వగైరా. ఆ కొద్దిపాటి ఎగుమతుల్లో మందులది ముఖ్యమైన వాటా. మందుల వెంట కాగితం నడుస్తుంది, ఆ కాగితం రష్యన్‌లో ఉండాలి. ఒక్క మాత్రను అక్కడ అమ్మాలన్నా తయారీ విధానం, పరీక్షా ప్రమాణాలు, మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చెప్పే నిల్వ అధ్యయనాలు, రోగి చదువుకునే కరపత్రం అన్నీ రష్యన్‌లో సమర్పించాలి. పైగా రష్యా, బెలారుస్, కజకిస్తాన్, ఆర్మేనియా, కిర్గిజ్‌స్తాన్ దేశాల యురేషియా ఆర్థిక సంఘం మందులకు ఉమ్మడి నియమావళి తెచ్చింది. మందుల పాత నమోదులను దానికి అనుగుణంగా మార్చుకోవడానికి 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. ఆ గడువు ముంచుకొచ్చిన నెలల్లో ఇక్కడి కంపెనీలు అనువాదకుల కోసం ఎంత వెతికాయో నా ఫోనుకు తెలుసు.

ఆ పనికి ఏపాటి చదువు కావాలో ఒక్క ఉదాహరణతో చెబుతాను. రష్యన్ పత్రాల్లో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. మనం 1.250 అని రాసేదాన్ని వాళ్లు 1,250 అని రాస్తారు. మన కంటికి అది పన్నెండువందల యాభై. ఒకసారి యంత్రం అనువదించిన పరీక్షా ప్రమాణాల పట్టిక సరిచూడమని నాకు పంపారు. ఒకే నిలువు వరుసలో కొన్ని కామాలు చుక్కలుగా మారాయి, కొన్ని కామాలుగానే మిగిలాయి. వాక్యాలు చక్కగా ఉన్నాయి, వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ఆ పట్టిక అలాగే ప్రయోగశాలకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఫార్మసీ చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అనువాద యంత్రాలు వచ్చాయి కదా, ఇక భాష నేర్చుకోవడం దేనికని అడిగేవాళ్లకు నేను ఈ పట్టికే చూపిస్తున్నాను. మామూలు ఉత్తరాలు, వెబ్‌సైట్ల అనువాదం నిజంగానే యంత్రం చేతికి పోయింది. తప్పు ఎక్కడ దాగి ఉందో చూసి, సరిచేసి, సంతకం పెట్టగల మనిషి అవసరం మాత్రం పెరిగింది.

ఇంకొకటి తనిఖీ. రష్యా మార్కెట్‌కు మందులు పంపే కర్మాగారాలను చూడటానికి అక్కడి అధికారులు జీడిమెట్లకు, పాశమైలారానికి వస్తారు. నెత్తిన టోపీ, ముఖానికి మాస్కు, కాళ్లకు తొడుగులు వేసుకుని దుబాసీ కూడా వాళ్ల వెంట లోపలికి నడవాలి. ఒక తనిఖీలో అధికారిణి గోడకున్న పీడన మాపకం ముందు ఆగారు. పక్కన వేలాడుతున్న రిజిస్టరు తీసి వెనక్కి తిప్పుతూ పోయారు. ఏ షిఫ్టు చూసినా అదే అంకె. ‘ముల్లు నా కళ్ల ముందే కదులుతోంది, మీ పుస్తకంలో మాత్రం ఎందుకు కదలడం లేదు?’ అని అడిగారు. ఆ ప్రశ్నను దుబాసీ మెత్తబరచకూడదు, పదును పెట్టకూడదు, నాణ్యతా విభాగం అధికారి తడబడుతూ ఇచ్చిన జవాబును తానే సర్ది చెప్పకూడదు. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు చేరవేయాలి. అందుకు రష్యన్ రావాలి, గదుల మధ్య గాలి పీడనంలో తేడా ఎందుకు ఉంచుతారో కూడా తెలియాలి. ఈ రెండూ తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఎంతమంది ఉంటారు? తనిఖీల కాలం వస్తే ఢిల్లీ నుంచి విమానం టికెట్టు పెట్టి దుబాసీలను రప్పిస్తున్నారు. మన బీ.ఫార్మసీ పట్టభద్రులేమో చిన్న జీతాలకు ప్యాకింగు విభాగంలో నిలబడుతున్నారు. వాళ్లలో ఆసక్తి ఉన్న కొందరికి రెండేళ్లు సాయంత్రం పూట రష్యన్ నేర్పితే ఆ పని వాళ్లదవుతుంది. నాకు పోటీ పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇక వైద్యవిద్య. ఏటా మన రెండు రాష్ట్రాల నుంచి ఎందరో పిల్లలు రష్యాకు వెళ్తున్నారు. మా చెల్లెలి కూతురు వోల్గా ఒడ్డున ఒక నగరంలో నాలుగో ఏడు చదువుతోంది. వెళ్లేటప్పుడు ఏజెంటు చెప్పిన మాట, ‘బోధన అంతా ఇంగ్లీషులోనే మేడమ్, రష్యన్ అక్కర్లేదు.’ బోధన ఇంగ్లీషులో ఉన్న మాట నిజమే. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు కూడా 54 నెలల చదువు ఇంగ్లీషు మాధ్యమంలోనే సాగాలంటున్నాయి. అయితే మంచం మీదున్న రోగికి ఆ నిబంధన వర్తించదు కదా. మూడో ఏడాది వార్డులోకి వెళ్లిన రోజు రాత్రి ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ‘పెద్దమ్మా, ఆ ముసలావిడ నా చేయి పట్టుకుని చెబుతూనే ఉంది. నొప్పి ఎక్కడో చూపించింది కాబట్టి తెలిసింది. ఎప్పటి నుంచో, తింటే పెరుగుతుందో తగ్గుతుందో ఏమీ అర్థం కాలేదు. మా బ్యాచ్‌లో ఎవరికీ అర్థం కాలేదు’ అని ఏడ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాలు మొదటి ఏళ్లలో రష్యన్ పాఠాలు చెబుతాయి. శరీర నిర్మాణ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం మీద పడి ఉండగా పిల్లలు వాటిని హాజరు కోసం మాత్రమే వింటారు.

ఆ రోజు నుంచి ఫోనులో నేను రోగిని, తాను డాక్టరు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, గుచ్చినట్టా మండినట్టా, ఎటు పాకుతోంది, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉందా, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ. నేను కావాలనే ముసలివాళ్లు మాట్లాడినట్టు దారి తప్పి, కోడలి మీద ఫిర్యాదులు కూడా కలిపి చెప్పేదాన్ని. ఇప్పుడు తాను వార్డులో కేసు చరిత్ర సొంతంగా రాస్తోంది, తోటి పిల్లలకు సాయం కూడా చేస్తోంది. పెద్దమ్మకు రష్యన్ వచ్చు కాబట్టి ఈ పిల్లకు దారి దొరికింది. ఖమ్మం నుంచో, నరసరావుపేట నుంచో లక్షలు అప్పు చేసి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఎవరిని అడగాలి? వార్డులో రోగి మాట అర్థం కాకుండా గడిచిన ఏళ్ల ఫలితం, తిరిగొచ్చి విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష రాసేటప్పుడు తెలుస్తుందని నా గట్టి అభిప్రాయం.

భాష రాకపోవడం ఇంతకంటే ఘోరానికీ దారితీసింది. సహాయకుల ఉద్యోగాలని నమ్మి రష్యా వెళ్లిన కొందరు భారతీయ యువకులు అక్కడ సైన్యంలో తేలిన సంగతి 2024లో మీ పత్రికే ప్రముఖంగా రాసింది. సీబీఐ కేసు పెట్టింది. ప్రాణాలు పోయినవారిలో హైదరాబాద్ వాసి కూడా ఉన్నాడు. తమకు చదవరాని రష్యన్ కాగితాల మీద సంతకాలు పెట్టించారని తప్పించుకొచ్చినవాళ్లు చెప్పారు. ఆ కాగితం ఫొటో ఒక్కటి పంపి ఉంటే, రష్యన్ చదివిన మొదటి ఏడాది విద్యార్థి కూడా అది సైనిక ఒప్పందమని చెప్పగలిగేవాడు. అలా అడగడానికి వాళ్లకు తెలిసిన మనిషి ఒక్కరూ లేకపోయారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

చదువు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ విభాగం ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో రష్యన్ అధ్యయన కేంద్రం ఉంది. 1965లో మొదలైన రష్యన్ అధ్యయన సంస్థ తర్వాత ఆ విశ్వవిద్యాలయంలో కలిసింది. ఇంటర్ పాసైనవాళ్లు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసి అక్కడ బీ.ఏ. ఆనర్స్‌లో చేరవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని స్లావోనిక్, అంటే స్లావిక్ భాషల, విభాగంలో రష్యన్‌తో పాటు పోలిష్, చెక్, బల్గేరియన్ కూడా చెబుతారు. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రష్యన్‌లోనూ ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేయవచ్చు. రష్యా ప్రభుత్వం ఏటా ఉపకార వేతనాలు ఇస్తుంది. మనకు దగ్గరలో ఉన్న రష్యన్ హౌస్, అంటే రష్యా సాంస్కృతిక కేంద్రం, చెన్నైలో ఉంది. ఆ ఉపకార వేతనంతో ఫీజు మాఫీ అవుతుంది కానీ నెలనెలా ఇచ్చే సొమ్ము తిండికి చాలదు, విమానం ఖర్చూ మనదే. భాష రానివాళ్లు ముందుగా ఒక ఏడాది సన్నాహక కోర్సు చదవాలి. ఈ సంగతులు ముందే తెలుసుకుని వెళ్లాలి. విదేశాంగ సర్వీసుకు ఎంపికైన అధికారుల్లోనూ కొందరికి రష్యన్‌ను తప్పనిసరి భాషగా కేటాయిస్తారు.

బోధనా ఉద్యోగాలు తక్కువ. ఇది దాచకూడదు. ఎం.ఏ. రష్యన్ ఒక్కటే చేతిలో ఉంటే హైటెక్ సిటీలో ఖాతాదారుల సేవలోనో, సామాజిక మాధ్యమాల్లోని రాతలను వడపోసే పనిలోనో చేరాల్సి వస్తుంది. తెలుగు, ఇంగ్లీషు విభాగాల వాళ్ల కంటే మొదటి జీతం మెరుగ్గానే ఉంటుంది. నాలుగైదేళ్లకు అది ఉన్నచోటే నిలిచిపోతుంది. నా జూనియర్లు చాలామందిని అలా చూశాను. అందుకే నన్ను అడిగిన ప్రతి పిల్లకూ ఒకటే చెబుతున్నాను. భాషకు తోడుగా ఫార్మసీయో, న్యాయశాస్త్రమో, ఇంజనీరింగో, అంతర్జాతీయ సంబంధాలో ఇంకొక విద్య ఉండాలి. రష్యన్ కష్టమని భయపడవద్దు. అక్షరాలు 33, పది రోజుల పని. ఆరు విభక్తులు చూసి ఇంగ్లీషువాళ్లు బెదరుతారు. మాట చివర ప్రత్యయం తగిలించి పని జరుపుకోవడం తెలుగు పిల్లకు పుట్టుకతో వచ్చిన విద్య. వెళ్లడం, రావడం చెప్పే క్రియలు మాత్రం ఎవరినైనా ఏడిపిస్తాయి, వాటికి రెండో ఏడాదిలో ఓపిక పట్టాలి.

యుద్ధం గురించి కూడా మాట్లాడాలి. ఉక్రెయిన్ మీద దాడి చేసిన దేశపు భాష నేర్చుకోవడం న్యాయమేనా అని ఇఫ్లూ మెట్ల మీద ఒక విద్యార్థిని నన్ను సూటిగా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నేలమాళిగల్లో తలదాచుకున్న మన పిల్లల చుట్టూ, తలుపు తీసి లోపలికి రానిచ్చిన మనుషుల నోటా వినిపించినదీ ఎక్కువగా రష్యనే. భాష ఏ ఒక్క ప్రభుత్వం సొత్తూ కాదు. అయితే మాస్కో చెప్పిన చరిత్రనే చదివి ఊరుకోవడం సరికాదని నేను నమ్ముతాను. యూరప్, అమెరికాల్లోని స్లావిక్ విభాగాల్లో ఇప్పుడు ఇదే పెద్ద చర్చ. ఉక్రేనియన్, బెలారుసియన్ భాషలకు, వాళ్ల చరిత్రకు సొంత పీట వేయాలని అక్కడి అధ్యాపకులు వాదిస్తున్నారు. తూర్పు యూరప్, రష్యా అధ్యయనాల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన యూరప్ ఉమ్మడి మాస్టర్స్ కోర్సులో ఎస్టోనియాలోని తార్తు, పోలండ్‌లోని క్రాకోవ్ విశ్వవిద్యాలయాలూ భాగస్వాములు. అలాంటి చోటికి వెళ్లాలనుకునేవాళ్లు రష్యన్‌తో పాటు పోలిషో, ఉక్రేనియనో మొదలుపెట్టడం మంచిది. ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో పని మిగిలి ఉంది. ఒకప్పుడు ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్లబండి వేంకటేశ్వరరావు గారు మాస్కోలో కూర్చుని రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చారు. అటువైపు లెనిన్‌గ్రాద్‌లో, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, నికితా గూరొవ్ తెలుగు బోధించారు. జినాయిదా పెత్రునిచెవా, గూరొవ్ తదితరులు కూర్చిన తెలుగు-రష్యన్ నిఘంటువు 1972లో మాస్కోలో అచ్చయింది. మన భాషకు వాళ్లు అంత శ్రమ పడ్డారు. ఇవాళ్టి వైద్య, ఔషధ, న్యాయ పదాలతో నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇవ్వదగిన రష్యన్-తెలుగు నిఘంటువు నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. పరిశోధనకు అంశం లేదని తిరిగే విద్యార్థులకు ఇది చక్కని అంశం.

నేను కోరుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. విశాఖ, గుంటూరు, తిరుపతి, వరంగల్ విశ్వవిద్యాలయాల్లో సాయంత్రం పూట రష్యన్ సర్టిఫికెట్ కోర్సు పెట్టాలి. దాన్ని ఫార్మసీ విద్యార్థులకు క్రెడిట్ల కింద లెక్కించాలి. రష్యాలో వైద్యవిద్యకు వెళ్లేవారి కోసం నీట్ ఫలితాలకూ ప్రయాణానికీ మధ్య దొరికే నెలల్లో, రోగితో మాట్లాడే రష్యన్‌ను ప్రత్యేకంగా నేర్పాలి. పిల్లల నుంచి లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలు ‘భాష అక్కర్లేదు’ అని ప్రచారం చేయకుండా రెండు ప్రభుత్వాలూ కట్టడి చేయాలి. మీ వచ్చే ఏడాది అనుబంధంలో రష్యన్‌కు, తక్కిన స్లావిక్ భాషలకు ఒక పూర్తి పుట కేటాయించండి. వివరాలు కావాలంటే నేను రాసిస్తాను.

ఏ కళాశాల అయినా గది, నల్లబల్ల చూపిస్తే శనివారాలు వచ్చి పాఠం చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పారితోషికం అక్కర్లేదు. హైదరాబాద్‌కు రాత్రి బస్సు అందే ఊరైతే చాలు.

ఇట్లు,
ఒక రష్యన్ అనువాదకురాలు,
తార్నాక, హైదరాబాద్.